ఆరాల పెట్టె

డెన్మార్క్‌లో మా జట్లండ్ పడమటి తీరం వాళ్లని కాఫీకి పిలిస్తే వెంటనే సరే అనరు. "వద్దులే, ఇప్పుడే తాగొచ్చా" అంటారు. రెండోసారి అడిగితే "నీకెందుకు శ్రమ" అంటారు. మూడోసారి అడిగాక, "సరే, ఇంతగా అంటున్నావు కాబట్టి అర కప్పు పొయ్యి" అని కూర్చుని, మూడు నిండు కప్పులు తాగి లేస్తారు. మొదటి పిలుపుకే కుర్చీ లాక్కునేవాడు మా లెక్కలో తిండిపోతు. మూడోసారి అడగని ఇల్లాలు పిసినారి. ఈ మర్యాద మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఉగ్గుపాలతోనే వస్తుంది.

రోగాలకీ ఇదే పద్ధతి. నొప్పిగా ఉందా అంటే లేదంటారు. వచ్చినవాడు గాలి గురించి, పక్కింటివాడి కుక్క గురించి కాసేపు మాట్లాడి, లేచి, తలుపు గడియ మీద చెయ్యి వేసి, అప్పుడంటాడు: "అన్నట్టు డాక్టరమ్మా, ఈ మధ్య దగ్గితే రక్తం పడుతోంది." అసలు రోగం గడియ దగ్గరే బయటపడుతుందని మా నాన్న అనేవాడు. ఆయనా ఈ ఊళ్లోనే డాక్టరు, ఈ ఇంట్లోనే. కింద క్లినిక్, పైన కాపురం. ఆయన తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. "పర్లేదు" అనే మాట వెనకాల ఏముందో నా అంత బాగా ఎవరూ చదవలేరని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

నాన్న రోజులు తలుచుకుంటే నాకు ముందు వాసనలే గుర్తొస్తాయి. వంటింట్లో పొయ్యి మీద ఒక గిన్నెలో బంగాళాదుంపలు, పక్క గిన్నెలో గాజు సూదిమందు గొట్టాలు ఉడుకుతుండేవి. ముందుగదిలో తడిసిన ఉన్ని కోట్ల వాసన, దాని మీద స్పిరిటు వాసన. అమ్మ ట్రే పట్టుకుని రోగులందరినీ మూడేసిసార్లు అడుగుతూ తిరిగేది. ఆవిడ కాఫీ కోసమే వచ్చేవాళ్లు కొందరు ఉండేవాళ్లని నా అనుమానం. నాన్న ఇళ్లకు వెళ్లేటప్పుడు సెలవురోజుల్లో నన్నూ కారెక్కించుకునేవాడు. అప్పట్లో ఫోను కలపాలంటే ఎక్స్ఛేంజిలో కూర్చునే డాగ్నీ అత్తే కలపాలి. నాన్న ఎక్కడున్నాడో నాన్నకంటే ఆవిడకే బాగా తెలుసు. "డాక్టరుగారి కారు ఇప్పుడే పాలకేంద్రం దాటింది, తర్వాతి ఇంట్లో పట్టుకుంటా, నువ్వు పిల్లాడి తల మీద తడిగుడ్డ వేసి ఉంచు" అని సగం వైద్యం ఆవిడే చేసేసేది.

ఆ తర్వాత అంకెలు తిప్పే ఫోన్లు వచ్చాయి. ఎక్స్ఛేంజి మూతపడింది. ఆ రోజు నాన్న భోజనాల బల్ల గుద్ది మరీ అరిచాడు. "ఇక మనుషుల సంగతి మనుషులకి తెలియదు! వైద్యం అయిపోయింది!" అన్నాడు. అమ్మ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఆయన పళ్లెంలో ఇంకో చేపముక్క వేసింది. వైద్యం అయిపోలేదు. అయినా ఆ అరుపు నాకు వారసత్వంగా వచ్చిందని ఆస్గర్ వచ్చాక తెలిసింది.

ఆస్గర్ అంటే నా తర్వాత ఈ క్లినిక్ నడపబోయే కుర్రడాక్టరు. కొత్త సంవత్సరం నుంచి కుర్చీ అతనిది, అప్పటిదాకా ఇద్దరం కలిసి చూసేట్టు ఒప్పందం. కోపెన్‌హేగెన్ నుంచి వచ్చాడు. మంచివాడే, కానీ మంచివాళ్లతో పోట్లాడటం ఎంత కష్టమో మీకు తెలుసు కదా. వచ్చీ రాగానే బల్ల మీద ఒక నల్లటి బిళ్ల పెట్టాడు. రోగీ నేనూ మాట్లాడుకుంటుంటే అది విని మొత్తం తనే రాసేస్తుందట. పుట్టుమచ్చని ఫోటో తీస్తే అది మంచిదో చెడ్డదో చెప్పే తెర ఇంకోటి. ఛాతీ మీద అతికిస్తే రెండు వారాలు గుండెని వింటూ కూర్చునే తపాలాబిళ్లంత పట్టీ మరోటి.

"ఇవన్నీ ఉంటే ఇక మనమెందుకు బాబూ?" అన్నాను.

"రాసుకునే పని తగ్గితే మనిషి మొహం చూడొచ్చు కదండీ, ఎస్టర్ గారూ" అన్నాడు.

"నేను రాస్తూ కూడా చూడగలను."

మా రిసెప్షన్‌లో కూర్చునే యూట్టె కంప్యూటరు వెనక నుంచి తల ఎత్తకుండానే అంది: "మీరు రాసింది చదవలేక నాకు కళ్లజోడు వచ్చిందక్కా. ఆ బిళ్లని ఉండనివ్వండి."

పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు కానీ, ఇక్కడ ఎలుక కూడా నా వైపు లేదు.

వీటన్నిటికంటే నాకు ఒళ్లు మండించింది గుండెజబ్బు వాళ్ల ఇళ్లలో పెట్టిన పెట్టె. కాఫీ డబ్బా అంత ఉంటుంది. పొద్దున్నే ఆడగొంతుతో పలకరిస్తుంది: నిద్ర పట్టిందా, ఆయాసం ఉందా, మాత్రలు వేసుకున్నారా, మనసెలా ఉంది. బరువు తూచే యంత్రం బరువుని దానికి చెబుతుంది, అది అన్నీ కలిపి మా క్లినిక్ తెర మీదకి పంపుతుంది. ఏదైనా తేడా ఉంటే ఆ మనిషి పేరు ఎర్రగా వెలుగుతుంది. దానికి కంపెనీ పెట్టిన పేరు ఏదో ఉంది. మా ఊళ్లో వారం తిరక్కుండానే ఆరాల పెట్టె అయిపోయింది.

ఆ పెట్టెకి మా మర్యాదలు ఎవరూ చెప్పలేదు. మొదటివారంలోనే ఓల్గా ముసలమ్మ వాచిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి యూట్టె బల్ల మీద చేతికర్రతో కొట్టింది.

"ఎవత్తినమ్మా నా ఇంట్లో పెట్టారు? డాక్టరు ఫోన్ చెయ్యాలా అనడిగింది. వద్దులే, వాళ్లకి బోలెడు పనులుంటాయి అన్నాను. సరే శుభం అని నోరు మూసుకుంది! ఒక్కసారి! ఒక్కటంటే ఒక్కసారి అడిగి ఊరుకుంది!"

"మరి కావాలని చెప్పొచ్చు కదండీ" అన్నాడు ఆస్గర్ పాపం.

ముసలమ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసి, "ఈ అబ్బాయికి తల్లి ఉందా?" అని యూట్టెని అడిగింది.

నేను లోపలి గదిలోకి వెళ్లి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆ మధ్యాహ్నమంతా ఆస్గర్ కంపెనీవాళ్లకి ఫోన్ చేసి, పెట్టె ప్రతి మాటా మూడుసార్లు అడిగేట్టు మార్చడం కుదురుతుందా అని కనుక్కున్నాడు. కుదరదన్నారు. నేను మళ్లీ నవ్వాను. రాయిని తెచ్చి పలకరించమంటే ఇలాగే ఉంటుందని అందరికీ చెప్పుకు తిరిగాను. ఆ శరదృతువంతా నా నోట్లో ఇదే కథ.

ఇక క్రెస్టెన్ సంగతి. క్రెస్టెన్ నా క్లాస్‌మేట్. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున వాళ్ల డెయిరీ. చిన్నప్పుడు నాన్న బడికి వచ్చి, పోలియో చుక్క వేసిన పంచదార గడ్డలు పంచితే, వీడు తిని, టోపీ మార్చుకుని, మళ్లీ వరసలో నిలబడి రెండోదీ నోట్లో వేసుకున్నాడు. నాన్న గుర్తుపట్టి చెవి మెలిపెట్టాడు కానీ, సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పి తనే పడీ పడీ నవ్వాడు. పెద్దయ్యాక క్రెస్టెన్ మారెన్‌ని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు లేరు. ఇద్దరూ ఆవులతోనే జీవితం గడిపారు. మారెన్ పోయింది. తర్వాతి వసంతంలో వీడికి గుండెపోటు వచ్చింది, బతికాడు కానీ గుండె బలహీనపడింది. ఆవుల్ని అమ్మేశాడు. గుండె సరిగా కొట్టకపోతే ఒంట్లో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి, ఊపిరితిత్తులు నిండుతాయి. దానికి నీరు లాగే మాత్రలు రోజూ వేసుకోవాలి. అవి వేసుకున్నంతకాలం బండి నడుస్తుంది, మానేస్తే మునగడమే.

ఆ నవంబరులో క్రెస్టెన్ బరువు పెరగడం మొదలైంది. తిండి వల్ల కాదు, నీటి వల్ల. ఆస్గర్ మాత్రల మోతాదు పెంచాడు. బరువు ఇంకా పెరిగింది. మళ్లీ పెంచాడు. అయినా తగ్గలేదు. ఒకరోజు పొద్దున్నే, రోగులు ఇంకా రాకముందు, తెర ముందు కూర్చుని గడ్డం గోక్కుంటూ అన్నాడు:

"ఎస్టర్ గారూ, ఆయన మాత్రలు వేసుకుంటున్నారంటారా?"

"పెట్టె ఏమంటోంది?"

"రోజూ వేసుకున్నానంటున్నారు. మందులషాపు నుంచి వేళకి తెచ్చుకుంటున్నట్టు కూడా ఉంది. కానీ ఒంటికి మందు పడుతున్నట్టు లేదు."

నాకు చర్రుమంది. "అంటే? క్రెస్టెన్ అబద్ధాలాడతాడనా?"

"నేనలా అనలేదండీ."

"అనలేదు, అడిగావు. నేను వాణ్ణి బడి నుంచి ఎరుగుదును. వాడికి అబద్ధం చెప్పడం రాదు, టోపీ మార్చినా దొరికిపోతాడు. నీ పెట్టె తూకమే తప్పయి ఉంటుంది."

"తూకం తప్పయితే మంచిదే. తప్పు కాకపోతే ఈ వారం దాటరు." ఆస్గర్ గొంతు పెంచలేదు. "ఆసుపత్రికి పంపుదామంటే రానన్నారు. ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. మీ మాటైతే వింటారేమో."

వెళ్లాను. నిజం చెప్పాలంటే పెట్టెది తప్పని తేల్చడానికే వెళ్లాను.

ఫ్యోర్డ్ మీద గాలి కారుని పక్కకి తోస్తోంది. క్రెస్టెన్ ఇంటి ముంగిట్లో దిగితే ముందు చెవికి తగిలింది నిశ్శబ్దం. ఆ పశువుల పాక దగ్గర ఎప్పుడొచ్చినా ఆవుల చప్పుడు, పాలు పితికే యంత్రం చప్పుడు, వాటి మీదుగా మారెన్ కేకలు ఉండేవి. ఇప్పుడు పాక తలుపుకి గడియ వేసి ఉంది. గుమ్మం పక్కన వాడి చెక్కచెప్పులు మట్టి ఎండిపోయి పడి ఉన్నాయి. ఎందుకు వేసుకోవడం లేదో లోపలికి వెళ్లగానే తెలిసింది. వాడి పాదాలు మెత్తటి జోళ్లలోనే పట్టక పైకి పొంగి ఉన్నాయి. తూకం తప్పు కాదు.

వంటింటి బల్ల దగ్గర, దిండ్లు ఎత్తుగా పెట్టుకున్న చేతుల కుర్చీలో కూర్చున్నాడు. రాత్రి కూడా అందులోనే అని చూస్తేనే తెలుస్తోంది.

"రా డాక్టరమ్మా" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. "కాఫీ తాగుతావా?"

"వద్దులే, ఇప్పుడే తాగొచ్చా" అన్నాను. అలవాటు.

"ఒక్క... కప్పు. ఇప్పుడే... పెట్టా."

"నీకెందుకు శ్రమ."

మూడోసారి అడగడానికి నోరు తెరిచాడు, ఊపిరి అందలేదు. బల్ల అంచు పట్టుకుని ఆగిపోయాడు. నేను గబుక్కున లేచి అలమరలోంచి కప్పు నేనే తెచ్చుకుని నేనే పోసుకున్నాను. ఊళ్లో ఎవరైనా చూసి ఉంటే మా వంశం పరువు పోయేది.

గుండె విన్నాను, వీపు విన్నాను. ఊపిరితిత్తుల అడుగున బుడబుడమని నీళ్ల చప్పుడు. నాడి చూశాను. చూస్తూనే అడిగాను.

"ఎలా ఉంది క్రెస్టెన్?"

"పర్లేదు."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"తెచ్చుకుంటున్నాగా."

అది జవాబు కాదని నాకు తెలుసు. గడియ దగ్గర చెప్తాడులే అనుకున్నాను. మా ఊళ్లో రెండోసారి అడిగేది కాఫీకి, కేకుకి, వానలో కారెక్కమని. లోపలి సంగతి రెండోసారి అడిగితే దాన్ని కెలకడం అంటారు. మారెన్ పోయినప్పుడు కూడా చర్చి బయట నేను ఒక్కసారే అడిగాను, వాడు పర్లేదన్నాడు, నేను భుజం తట్టి కారెక్కాను. అందుకని ఇప్పుడూ బడి కబుర్లలోకి దిగాను. పంచదార గడ్డ సంగతి ఎత్తాను. వాడు నవ్వబోయి దగ్గాడు.

"మీ నాన్న మెలేసిన చెవి... చలికాలంలో ఇప్పటికీ సలుపుద్ది" అన్నాడు.

"రెండు చుక్కలు పడ్డాయి నీకు. అందుకే పోలియో నీ ఛాయలకి రాలేదు."

"గుండెకి కూడా... రెండు గడ్డలు తినాల్సింది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కాసేపూ వంటిల్లు పాత వంటిల్లులాగే ఉంది. కిటికీలో మారెన్ పెంచిన జెరేనియం మొక్క ఇంకా పూస్తోంది. సంచిలోంచి మందు తీసి, ఆసుపత్రికి నచ్చజెప్పడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు కిటికీ గట్టు మీద నీలం దీపం వెలిగింది.

"శుభోదయం క్రెస్టెన్ గారూ" అంది పెట్టె.

"శుభోదయం" అన్నాడు వాడు. నా ముందు కాస్త సిగ్గుపడ్డాడు కానీ, కుర్చీలో సర్దుకుని దాని వైపు తిరిగాడు. ఎవరో మనిషి వస్తే తిరిగినట్టే తిరిగాడు.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"కుర్చీలో. అంతంతమాత్రం."

"పడుకుంటే ఆయాసంగా ఉందా?"

"ఉంది."

"నిన్న మాత్రలన్నీ వేసుకున్నారా?"

రోజూ ఆ ప్రశ్నకి వాడు ఏం చెప్తున్నాడో నాకు తెలుసు. ఆస్గర్ తెర మీద చూశాను. ఆ మాట ఇప్పుడు రాలేదు. వాడు నా వైపు చూడలేదు. జెరేనియం వైపు చూస్తున్నాడు. పెట్టె తొందరపడలేదు. నేనైతే ఈపాటికి ఏదో ఒకటి మాట్లాడి ఆ ఖాళీని పూడ్చేసేదాన్ని.

"లేదు" అన్నాడు క్రెస్టెన్.

నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"ఎందుకు వేసుకోలేదో చెబుతారా?" అంది పెట్టె. అదే గొంతు, అదే నిదానం.

"మానేశా. నిన్న కాదు... చాన్నాళ్లయింది. తెచ్చి డబ్బాలో పోస్తన్నా." ఊపిరి తీసుకున్నాడు. "ఇన్నాళ్లూ నీకు వేసుకున్నానని చెప్పా. అది అబద్ధం."

"మానేయడానికి కారణం ఏమైనా ఉందా?"

"కారణం అంటే..." గాజు మీద గాలి కొడుతోంది. "పొద్దున లేస్తే పాలు పితకాల. అదీ కారణం, బతకడానికి. మారెన్ పోయినా, ఆవులు ఉన్నాయి కాబట్టి లేచేవోణ్ణి. ఇప్పుడు లేస్తే నువ్వు తప్ప అడిగేవాళ్లు లేరు. గుండె దానంతటది ఆగుతానంటంటే... నేనెందుకు అడ్డం పడాలనిపించింది. అంతే."

ఆ మాటలు నాతో చెప్పలేదు వాడు. కానీ నేను వినాలనే చెప్పాడు. ఇన్నాళ్లూ ఆ పెట్టెకి అబద్ధం చెప్పగలిగాడు. నేను ఎదురుగా కూర్చుంటే దానికి కూడా చెప్పలేకపోయాడు. అలాగని నా మొహం చూసి నిజం చెప్పడం వాడి వల్ల కాదు. అందుకని మధ్యలో ఆ డబ్బాని పెట్టుకున్నాడు.

"మీరు చెప్పినందుకు ధన్యవాదాలు" అంది పెట్టె. "ఈ విషయం మీ డాక్టరుకి తెలియజేయమంటారా?"

క్రెస్టెన్ మొదటిసారి నా వైపు చూశాడు.

"డాక్టరమ్మ ఇక్కడే కూర్చుని ఉంది. కాఫీ చల్లారిపోయేదాకా కప్పు పట్టుకుని."

"క్షమించండి, అర్థం కాలేదు. మీ డాక్టరుకి తెలియజేయమంటారా?"

"తెలియజెయ్యి" అన్నాడు.

ఒకే మాటకి ఒప్పుకున్నాడు. మా ఊళ్లో పుట్టినవాడు సహాయానికి ఇంత తేలిగ్గా సరే అనడం నా వైద్యంలో నేను అంతవరకు చూడలేదు. నీలం దీపం ఆరిపోయింది. ఆ క్షణానే నా జేబులో ఫోన్ మోగింది.

"ఎస్టరక్కా, క్రెస్టెన్ పేరు ఎర్రగా వచ్చింది!" అంది యూట్టె. "మాత్రలు మానేశాడంట, అక్కా, చావాలని ఉన్నట్టు..."

"నేను వాడి వంటింట్లోనే ఉన్నానే. విన్నాను."

ఆస్గర్ ఫోన్ లాక్కున్నాడు. అన్నట్టే అయింది కదా అని దెప్పుతాడేమో అనుకున్నాను. నేనైతే దెప్పేదాన్ని. అతను మాత్రం, "మీ రోగుల్ని నేను చూస్తాను. అంబులెన్సు పంపమంటే పంపుతా. మీరు మాత్రం అక్కణ్ణుంచి కదలకండి" అన్నాడు.

"పంపడానికి ముందు కొంచెం ఆగు. ఫోన్ దగ్గరే ఉండు" అని పెట్టేశాను.

పెట్టేశాక నాకు కోపం వచ్చింది. భయం వేసినప్పుడు నాకు కోపమే వస్తుంది, అది కూడా నాన్న ఇచ్చిందే.

"ఒరేయ్ క్రెస్టెన్, నీకు సిగ్గుందా? అరవై ఏళ్లుగా ఎరుగుదువు నన్ను. ఆ కాఫీ డబ్బాకి చెప్పుకున్నావు, నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"నువ్వడగలేదుగా."

"అడిగాను! ఇందాకే అడిగాను. చర్చి దగ్గర కూడా అడిగాను!"

"ఒక్కసారి" అన్నాడు.

నేను చల్లారిన కప్పు బల్ల మీద పెట్టాను.

"ఒక్కసారడిగితే ఎవడు చెప్తాడే? నువ్వూ ఈ ఊరిదానివేగా." వాడి గొంతులో నింద లేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. "అదైతే రోజూ అడుగుద్ది. నిన్న పర్లేదన్నానుగా, మళ్లీ ఎందుకులే అనుకోదు. దానికి మర్యాద తెల్వదు. నీకు తెలుసు. నీకు ఇంటినిండా రోగులు, మొహం చూస్తే అలసిపోయి ఉంటావ్. ఎట్టాగూ కొత్త సంవత్సరం నుంచి ఉండవు. పోయే మనిషిని నా సంగతుల్తో ఆపడమెందుకని."

కాఫీకి మూడుసార్లు అడగకపోతే తప్పుపట్టే మనుషులం మేం. మనిషి లోపల ఎలా ఉన్నాడో మాత్రం ఒక్కసారి అడిగి, పర్లేదనగానే హమ్మయ్య అనుకుని బయటపడతాం. నాన్న కూడా అంతేనేమో, ఆ గడియ దగ్గర ఆగని వాళ్లు ఎందరున్నారో ఆయనకీ తెలియదేమో. నేను నవ్వుకుంటూ ఊరంతా చెప్పిన ఓల్గా ముసలమ్మ కథ గుర్తొచ్చింది. నవ్వు రాలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. కన్నీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

"ఏడవకే. ముసలిదానివి బాగోవు" అన్నాడు.

కుర్చీ జరుపుకుని వాడి మోకాళ్లకి నా మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను.

"ఎలా ఉన్నావ్ క్రెస్టెన్?"

"చెప్పాగా, పర్లేదు."

"ఎలా ఉన్నావ్?"

"ఊరుకోవే."

"ఊరుకోను. ఎలా ఉన్నావ్?"

వాడు వాచిన చేతిని బల్ల మీద నుంచి ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక, నా చేతి మీద పెట్టాడు.

"బాలేదే ఎస్టర్" అన్నాడు. "అసలు బాలేదు."

ఆ తర్వాత మాటలు వచ్చాయి, ముక్కలు ముక్కలుగా, ఊపిరి అందినంతమేర. మారెన్ చివరి నెలల గురించి. ఆవుల్ని లారీ ఎక్కించిన రోజు గురించి. ఆ రోజు ఎవరూ రాలేదట, సహాయం కావాలా అని ఒకరిద్దరు అడిగితే వద్దన్నాడట. నేను వాటిలో వేటికీ మందు చెప్పలేదు, మధ్యలో అందుకోనూ లేదు. పెట్టె ఎలా ఆగిందో అలా ఆగడానికి ప్రయత్నించాను. నా వయసులో కొత్త విద్య నేర్చుకోవడం తేలిక కాదు.

మాటలు అయ్యాక పనిలోకి దిగాను. నీరు లాగే మందు సూదిలోకి ఎక్కించాను.

"ఇది నరంలోకి ఎక్కిస్తా. నీకిష్టమైతేనే. ఎక్కిస్తే రోజంతా ఒంటేలుకి పరుగులే. సాయంత్రానికి ఊపిరి కుదుటపడకపోతే ఆసుపత్రికి వెళ్లాలి, అప్పుడు నాతో వాదించకూడదు."

వాడు సూది వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు.

"ఎక్కించాక నువ్వెళ్లిపోతావ్."

"వెళ్లను."

"నీ రోగులు?"

"ఆస్గర్ ఉన్నాడు. మంచి డాక్టరు. వాడి దగ్గర బోలెడు యంత్రాలున్నాయి."

"తిట్టేదానివిగా వాణ్ణి."

"ఇప్పటికీ తిడతా. చెయ్యి చాపు."

కాసేపు కదల్లేదు. తర్వాత చొక్కా చెయ్యి మెల్లగా పైకి మడిచి, చెయ్యి బల్ల మీద నా ముందు చాపాడు.

మందు పనిచేయడం మొదలుపెట్టాక వాడు కుర్చీ పట్టుకుని లేచాడు. గోడ పట్టుకుని నడవా చివరిదాకా వెళ్లాడు, వచ్చాడు, కూర్చున్నాడు, ఐదు నిమిషాలకి మళ్లీ లేచాడు. వెళ్లిన ప్రతిసారీ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసేవాడు. నేను ఆస్గర్‌కి ఫోన్ చేసి వివరాలు చెప్పాను. యూట్టెకి నా సాయంత్రం పనులు వేరే రోజుకి మార్చమన్నాను. రై ధాన్యపు నల్లరొట్టె మీద వెన్న రాసి, జున్ను ముక్కలు కోసి పళ్లెంలో పెట్టాను. జెరేనియంకి నీళ్లు పోశాను.

ఎన్నోసారో తిరిగొచ్చేసరికి వాడి పెదాల రంగు కాస్త తేరుకుంది. గుమ్మంలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను" అన్నాను.